చిన్న కుదుపే.. కొండంత అల!

1896 జూన్ 15. జపాన్ ఈశాన్య తీరంలోని సాన్రికు ప్రాంతంలో ఆ రోజు పండుగ. పొద్దుగూకిన వేళ భూమి కాస్త ఊగింది. ఇళ్లు కూలేంత కుదుపు కాదు. అలాంటివి అక్కడివారికి అలవాటే. అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అరగంట దాటేసరికి సముద్రం ఊళ్లమీద పడింది. ఒకచోట నీరు 38 మీటర్ల ఎత్తుకు ఎక్కింది. దాదాపు 22 వేల మంది చనిపోయారు.

ఆ రాత్రి నడిసముద్రంలో వేటకు వెళ్లినవారికి అల సంగతే తెలియలేదు. తిరిగి రేవుకు చేరితే అక్కడ ఊరు లేదు. ‘సునామీ’ అంటే జపాన్ భాషలో ‘రేవు అల’ అనే అర్థం.

ఎందుకిలా?

ఈ తీరానికి ఎదురుగా సముద్రంలో లోతైన అగాధం ఉంది. పసిఫిక్ అడుగున ఉన్న భూపలక ఏటా సుమారు 8 సెంటీమీటర్ల చొప్పున అక్కడ జపాన్ కిందికి దూరుతోంది. పలకలు ఏళ్ల తరబడి బిగుసుకుని, ఒక్కసారిగా జారితే భూకంపం వస్తుంది. సముద్రపు అడుగు లేచి పైనున్న నీటిని ఎత్తి తోస్తుంది. ఆ జారుడు నెమ్మదిగా సాగితే ఒడ్డున కుదుపు తక్కువగానే ఉంటుంది, అల మాత్రం పెద్దదే వస్తుంది. 1896లో జరిగింది అదే.

రాయి ఆపింది, గోడ ఆపలేదు

1933 మార్చి 3 తెల్లవారుజామున మరో సునామీ సుమారు 3 వేల మందిని బలిగొంది. అనెయోషి అనే పల్లెలో మొదటి సునామీకి ఇద్దరు, రెండోదానికి నలుగురు మిగిలారు. అక్కడ కొండవాలున ఒక రాయి పాతి, దానికి దిగువన ఇళ్లు కట్టరాదని చెక్కించారు. ఊరివారు ఆ మాట దాటలేదు. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నీరు ఆ లోయలో దాదాపు 40 మీటర్ల ఎత్తుకు ఎక్కి, రాయికి దిగువనే ఆగింది. ఎగువ ఇళ్లు నిలిచాయి.

అదే తీరంలోని తారో పట్టణం 10 మీటర్ల గోడ కట్టుకుంది. అల దాన్ని దాటివచ్చింది. వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. కమైషి నగరంలో మాత్రం బడిపిల్లలు దాదాపు 3 వేల మంది బతికారు. ఎవరికోసమూ ఆగక మెట్టకు పరుగెత్తాలని వారికి ముందే నేర్పారు. ఇంట్లోవారూ అలాగే పరుగెత్తి ఉంటారన్న నమ్మకమే దీనికి మూలం.

మన తీరానికీ..

తుపాను ఉప్పెన మన తీరవాసులకు తెలిసిందే. దానికి ముందు గాలి, వాన వస్తాయి. సునామీకి అవేవీ ఉండవు. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సుమత్రా వద్ద పుట్టిన అల ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పొట్టన పెట్టుకుంది. అప్పట్లో హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని కేంద్రం హెచ్చరికలు పంపుతోంది. సుమత్రా అల ఇక్కడికి రావడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. సాన్రికుకు ఆ గడువు లేదు. మనకు ఉంది. హెచ్చరిక విన్నాక పడవ కోసం, వల కోసం ఒడ్డుకు పోకుండా ఉండడమే మన చేతిలోని పని.