పిల్లలను విడిపించు సేవికలకు ఏమి నేర్పవలయును?



శునశ్శేపుని కథ మనలో పెక్కండ్రు వినియే యుందురు. అజీగర్తుడను పేద బ్రాహ్మణునకు మువ్వురు కుమారులు. ఆ కుటుంబము ఆకలితో అడవిలో తిరుగుచుండగా హరిశ్చంద్రుని కుమారుడైన రోహితుడు వచ్చి, నూరు గోవుల నిచ్చెదను, ఒక కుమారుని నాకిమ్మని యడిగెను. పెద్దవానిని తండ్రి విడువనొల్లడయ్యెను. చిన్నవానిని తల్లి విడువనొల్లదయ్యెను. నడిమివాడగు శునశ్శేపుడు అమ్ముడుపోయెను. యజ్ఞపశువుగా యూపమునకు కట్టబడిన యా బాలుడు దేవతలను స్తుతించి బంధవిముక్తు డయ్యెను.

ఇంతవరకు అందఱెఱిగినదే. తరువాతి భాగమును మాత్రము మనము త్వరగా మఱచిపోవుదుము. కట్లు ఊడిన పిమ్మట ఆ బాలు డెక్కడకు పోవలయును? అమ్మిన తండ్రి మరల రమ్మనెను, పిల్లవాడు పోనొల్లడయ్యెను. అప్పుడు విశ్వామిత్రుడు వానిని తన కుమారునిగా స్వీకరించి, తన నూటొక్క కొడుకులకును జ్యేష్ఠునిగా నిలిపెను. కొడుకులలో సగము మంది యొప్పుకొనకపోయినను ఆయన వెనుదీయలేదు. కట్లు విప్పుట యొక పని, చోటు చూపుట మఱొక పని. నేడు మన దక్షిణ తెలంగాణపు మెట్టనేలలలో పనిపాలైన పిల్లలను, అమ్ముడుపోవు పిల్లలను కాపాడ బయలుదేరు సేవికలకు ముఖ్యముగా నేర్పవలసినది ఈ రెండవ పనియే యని మా యభిప్రాయము.

మొదట మా ప్రాంతమును గూర్చి కొంత చెప్పవలయును. పాత నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలు 2016 అక్టోబరులో విభజింపబడి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల మొదలగు క్రొత్త జిల్లాలైనవి. పేర్లు మాఱినను నేల మాఱలేదు. వాన వచ్చిన యేడు జొన్న, ఆముదము. రాని యేడు వలస. "పాలమూరు లేబరు" అను మాట దేశమున ఆనకట్టలు కట్టిన తావులందెల్ల వినబడినది. గుంపు మేస్త్రి ముందుగా అడ్వాన్సిచ్చి కుటుంబములకు కుటుంబములనే తీసికొని పోవును. తల్లిదండ్రులతో పిల్లలును పోవుదురు. బడిలో వారి పేర్లు మాత్రము మిగులును.

గద్వాల వైపు మఱొక తీరు. హైబ్రిడ్ పత్తి విత్తనమును పుట్టించుటకు ప్రతి పూవును చేతితో ముట్టవలయును. సాయంకాలము మొగ్గను విప్పి అందలి మగభాగమును గిల్లివేసి, మరునాటి యుదయమున వేఱొక రకపు పూల పుప్పొడిని దానికి రుద్దవలయును. ఈ పని నెలల తరబడి యెడతెగక సాగును. చిన్నపిల్లల వ్రేళ్లు సన్ననివనియు, వారి యెత్తు మొక్కకు సరిపోవుననియు చేనివారు చెప్పుదురు. అసలు కారణము వేఱు: పిల్లలు తక్కువ కూలికి వత్తురు, ఎదురు చెప్పరు. వేసవిలోనే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టును గనుక పనికాలము వచ్చునప్పటికి పిల్ల బడికి పోవు మాటయే యుండదు. ఈ చేలలో పురుగుమందుల నడుమ పనిచేయువారిలో మిక్కిలి మంది బాలికలేయని పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లుగారు ఇరువది యైదేండ్లకు పూర్వమే లోకమునకు వెల్లడించిరి.

నల్లగొండ వైపు దేవరకొండ తండాలలో ఇంకను దారుణమైన వ్యాపారము నడచెను. మూడవదో నాలుగవదో ఆడుబిడ్డ పుట్టిన యింటికి దళారి వచ్చి, కొద్దిపాటి సొమ్మిచ్చి, పసికందును పొత్తిళ్లతో హైదరాబాదునకు చేర్చెడివాడు. అచ్చటనుండి దత్తతయను పేర విదేశములకు పంపెడివారు. 1999లోను, 2001లోను ఈ గుట్టు బయటపడగా పత్రికలు ఘోషించినవి. భువనగిరి చుట్టుపట్లనున్న ఇటుక బట్టీలకు ఒడిశా నుండి వచ్చిన కుటుంబముల పిల్లలు ఇటుకలు మోయుచుండగా 2017 జనవరిలో రాచకొండ పోలీసులు వారిని విడిపించిరి. 2018లో యాదగిరిగుట్టలో అక్రమముగా ఉంచబడిన బాలికలను విడిపించినప్పుడు వారిలో ఏడేండ్లు నిండనివారును ఉండిరి. వారిని గూర్చి ఇంతకు మించి వ్రాయుటకు మా కలము సాగదు.

ఇట్టి స్థితిలో సేవకు మనసొక్కటి చాలదా, శిక్షణ మెందులకని కొందఱడుగుదురు. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. ఆ తలపు మాచేత ఏమి చేయించినదో చెప్పుట మాకు సిగ్గే యైనను దాచుట తగదు.

ఆఱేడేండ్ల క్రిందట మా యింటివారు పనిచేయు బడిలో పదునొకండేండ్ల పిల్ల యొకతె వేసవి సెలవుల పిమ్మట రాలేదు. హాజరు పట్టికలో ఆమె పేరునకెదురుగా ఎఱ్ఱసిరాతో గైర్హాజరు పడుచుండెను. మేము వారి యింటికి పోయి తల్లి నడిగితిమి. "పెద్దమ్మ ఇంటికి పోయింది పంతులమ్మా, పండుగకు వస్తది" అని యామె చెప్పెను. మేము నమ్మి మరలితిమి. ఏ యూరిలోని పెద్దమ్మ, ఎవరి వెంట పోయినది, ఎప్పుడు పోయినది అని యడుగవలెనని మాకు తోచనేలేదు. దసరా కూడ గడచిన పిమ్మట ఆ పిల్ల గద్వాల వైపు పత్తి చేలలో నున్నదని తెలిసెను. పెద్దలు పోయి తీసికొని వచ్చిరి. మేము క్రొత్త గౌనొకటి కుట్టించి యిచ్చి, మంచి పని చేసితిమని సంతోషించితిమి. బడిలో ఆమెను తనకంటె మూడేండ్లు చిన్నవారి నడుమ కూర్చుండబెట్టిరి. నెల తిరుగకమునుపే ఆమె మరల కానరాలేదు.

ఆ నడుమ మఱొకటి జరిగెను. పట్టణమున నుండు మా బంధువొకామె, పసివాని నెత్తుకొనుటకు చిన్నపిల్ల కావలయును, పల్లెలో ఎవరినైన చూడుమని మమ్ము కోరెను. మాకు తోచిన మొదటి పేరు ఈ పిల్లదే. చేనిలో మందుల వాసన పీల్చుటకంటె పెద్దింటిలో కడుపునిండ తిని సుఖముగా నుండునుగదా యనుకొంటిమి. తల్లితో మాటాడుటకు చీర కట్టుకొని బయలుదేరితిమి కూడ. అంతలో ఆ యూరికి వచ్చి తిరుగుచున్న సేవిక యొకతె మాకెదురై, విషయము విని, నెమ్మదిగా, "అమ్మా, దళారి కూడ తల్లితో ఇదే మాట చెప్పును" అనెను. ఆమె వయస్సు ఇరువదిరెండు. ఆమెయు చిన్ననాడు చేలలో పనిచేసి, క్యాంపులో చేరి చదువుకొన్నదే. మేము గడప దాటకుండ తిరిగి వచ్చితిమి.

పిమ్మట ఆమె చేసిన పనిని మేము దగ్గఱనుండి చూచితిమి. మొదటి దినమున బడిమాట ఎత్తనేలేదు. ఆ తల్లి ప్రక్కన గడపమీద కూర్చుండి, పెట్టిన జొన్నరొట్టె తిని, వానలను గూర్చియు బోరుబావిని గూర్చియు మాటాడి వచ్చెను. మూడవసారి పోయినప్పుడు తల్లియే బయటపడెను: "అప్పు ఎవరు కడ్తరమ్మా?" అప్పుడా సేవిక, అడ్వాన్సు తీసికొని అందుకు ఈడుగా పనిచేయించుట వెట్టియే యనియు, 1976 నాటి చట్టము అట్టి బాకీని రద్దుచేసినదనియు చెప్పి, ఊరిపెద్దలను కూర్చుండబెట్టి చేనివానితో వారిచేతనే చెప్పించెను. పిల్లను నేరుగ బడికి పంపలేదు. కొన్ని నెలలు క్యాంపులో నుంచి, తన యీడు పిల్లల తరగతికి తగిన చదువు చెప్పించి, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయమున ఆఱవ తరగతిలో చేర్పించెను. అంతటితో విడువలేదు. రెండేండ్లపాటు ప్రతి సెలవుల చివర ఆ యింటి ముంగిట నిలిచి, పిల్ల తిరిగి పోవుదాక చూచెను.

ఈ విద్య ఆమెకు పుట్టుకతో వచ్చినది కాదు. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన ఫౌండేషను, ఆయన మనుమరాలు శాంతా సిన్హాగారి నాయకత్వమున 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో పిల్లలను పనినుండి బడికి మరల్చుట కారంభించి, పిదప నల్లగొండ మొదలగు చోట్లకును వ్యాపించెను. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము లభించెను. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు ఆమెయే మొదటి యధ్యక్షురాలు. వారి సేవకులు చాలవరకు పల్లె యువతీయువకులే. తమ యింట మొదట అక్షరము నేర్చినవారు. ప్రభుత్వోపాధ్యాయులును బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి వారితో చేయి కలిపిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు కార్మికుడేయని వారి మొదటి సూత్రము. బీదతనము వలన తల్లిదండ్రులు బిడ్డను చదివింప నిష్టపడరనుట పొరపాటనియు, దారి చూపిన బీదవారును బిడ్డను బడికి పంపుదురనియు వారి రెండవ సూత్రము.

మేము చూచినదానినిబట్టియు, విన్నదానినిబట్టియు సేవికలకు నేర్పవలసినవి నాలుగు. మొదటిది లెక్క. ఊరిలోని ప్రతి గడపకు పోయి, ప్రతి బిడ్డ పేరు, వయస్సు, ఇప్పుడెక్కడ నున్నది వ్రాసికొని, దానిని బడి పట్టికతోను అంగన్‌వాడీ పుస్తకముతోను సరిచూచుకొనవలయును. "పెద్దమ్మ ఇంటికి" అను మాటకు ఊరి పేరు, తోడుపోయినవారి పేరు అడుగుట ఇందులోనిదే. రెండవది మాటాడుట. తల్లిని నిందించిన ఆ యింటి తలుపు మూతపడును. నింద లేకుండ నిజము రాబట్టుట అభ్యాసమున గాని రాదు.

మూడవది చట్టము. 2016లో సవరింపబడిన చట్టము ప్రకారము పదునాలుగేండ్ల లోపువారిని పనిలో పెట్టుకొన్నవారికి ఆఱు నెలలనుండి రెండేండ్లవఱకు చెఱసాలయో, 20,000 నుండి 50,000 రూపాయల జరిమానాయో, రెండునో పడును. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము బిడ్డను అమ్మినను కొన్నను అయిదేండ్లవఱకు కఠినశిక్షయు, లక్ష రూపాయల జరిమానాయు కలవు. దిక్కులేక దొరికిన బిడ్డను ప్రయాణకాలము విడిచి 24 గంటలలోపల బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలయును. సేవిక తానే బిడ్డను తన యింటికి తీసికొనిపోవుట, ఫోటో తీసి నలుగురికి పంపుట కూడనివని గట్టిగా నేర్పవలయును.

నాలుగవది నిలుపుట. ఇది శిక్షణలో చివరకు వచ్చును గనుక తఱచుగ కాలము చాలక విడువబడును. పోలీసులు జనవరిలోను జూలైలోను నడపు దాడులలో పిల్లలు బయటపడుదురు. పత్రికలలో సంఖ్యలు వచ్చును. ఫిబ్రవరిలో ఆ పిల్ల యెక్కడ నున్నదని యడుగువారెవరు? భువనగిరి బట్టీల విషయమున మాత్రము ఒరియా నేర్పు ఉపాధ్యాయులను రప్పించి బట్టీల చెంతనే చదువు చెప్పించిరని విని మేము సంతోషించితిమి. తల్లిదండ్రుల భాష తెలియని బడిలో ఆ పిల్లలు నాలుగు దినములైన నిలువరు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలై, గ్రామములలోని స్త్రీలనే సేవికలుగా తీర్చవలెనని పాటుపడిరి. ఆ పని ముగియలేదు. అయితే సేవికల నెందఱిని తయారుచేసినను, పిల్లలను కోరు ఇండ్లున్నంతకాలము వారి శ్రమ వ్యర్థమగును. ఇండ్లలో పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10వ తేదీనుండియే నిషిద్ధము. మన బంధువు లెవరైన "చిన్నపిల్ల నొకతెను చూడు" అనినప్పుడు, చూడమని చెప్పుటయే గాక, ఎందులకు చూడమో కూడ చెప్పుద మని మా ప్రార్థన.

ఆ పిల్ల యిప్పుడు ఇంటర్మీడియెటు చదువుచున్నది. మొన్న సంక్రాంతికి వచ్చి మా యింటి యరుగుమీద కూర్చుండి పోయెను. మేము ఆనాడు చీర కట్టుకొని బయలుదేరిన సంగతి ఆమెకు తెలియదు. మా కింకను చెప్పుటకు ధైర్యము చాలలేదు.

ఈ మాసము మీ వీథిలో బడికి పోని పిల్ల లెవరున్నారో ఒక కాగితముపై వ్రాసి చూడుడు. ఎవరైన కష్టములో నున్నట్లు తోచినయెడల 1098 సంఖ్యకు ఫోను చేయుడు. ఒక నెల గడచిన పిమ్మట ఆ కాగితమును మరల తీసి, ఆ పేర్లుగలవా రెక్కడ నున్నారో అడుగుడు.