తెడ్డు పట్టే ముందు: తొలిసారి సముద్రంలోకి దిగేవారికి

బెసంట్ నగర్‌లోని ఎలియట్స్ తీరానికి వెళ్లినవారందరూ ఇసుకలో ఒంటరిగా నిలిచిన తెల్లని కమాను కట్టడాన్ని చూసే ఉంటారు. దాని ముందు ఫొటోలు దిగినవారు, దాని నీడన కూర్చుని సుండల్ తిన్నవారు వేలమంది. అది ఎవరి జ్ఞాపకార్థం కట్టినదో ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. కాయ్ ష్మిట్ అనే డెన్మార్క్ దేశపు నావికుడు 1930 డిసెంబరు 30న ఆ చోటికి సమీపాన, మునిగిపోతున్నవారిని కాపాడే యత్నంలో తానే మునిగి మరణించాడు. సముద్రమే జీవనంగా గలవాడు ఒడ్డుకు దగ్గరలోనే ప్రాణం కోల్పోయాడన్న విషయం, ఈ తీరాన ఈత సరదాకు దిగే ప్రతివారికీ మొదటి పాఠం కావాలి.

ఇటీవలి కాలంలో మన నగరవాసులకు సముద్రంతో కొత్త పరిచయం ఏర్పడుతున్నది. ఒకప్పుడు అలల అంచున పాదాలు తడుపుకొని తిరిగి వచ్చిన కుటుంబాలు నేడు పలకపై నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్ బోర్డింగ్‌నూ, ముఖానికి మాస్కు ధరించి నీటి అడుగును చూసే స్నార్కెలింగ్‌నూ నేర్చుకోగోరుతున్నాయి. రెండూ ఆరోగ్యకరమైన వినోదాలే. శిక్షణ పొందిన గైడు వెంట ఉంటే ఈత అంతంతమాత్రంగా వచ్చినవారు సైతం లైఫ్ జాకెట్ ధరించి వీటిని ప్రారంభించవచ్చు. అయితే గైడు చేసే మేలు తెడ్డు వేయడం నేర్పడంతో ముగియదు. “ఈ రోజు దిగవద్దు” అని చెప్పగలగడమే అతని ప్రధాన విద్య. ఆ మాట ఎందుకు చెబుతాడో తెలిస్తే, దానిని మన్నించడం మనకు సులభమవుతుంది.

కట్టుమరానికి చుట్టం

నిలబడి తెడ్డు వేసే పలక నేటి రూపంలో హవాయి దీవుల నుండి ప్రపంచమంతటికీ వ్యాపించింది. మన తీరానికి మాత్రం ఆ దృశ్యం కొత్తది కాదు. కొన్ని దుంగలను తాళ్లతో బిగించి, దానిపై మోకాళ్లూని గాని, నిలబడి గాని అలలను దాటిపోయిన కట్టుమరాలను, తెప్పలను మన పెద్దలు ఎరుగుదురు. నగరానికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న కోవళంలో ఈ రెండు సంప్రదాయాలూ కలుసుకున్నాయి. అక్కడి మత్స్యకారుడు మూర్తి మేఘవన్ అలల క్రీడను నేర్చి, తోటి మత్స్యకార యువకులకు నేర్పి, ఆ ఊరిలో సర్ఫింగ్ పాఠశాల ఏర్పడడానికి మూలకారకుడయ్యాడు. కోవళం సాగరతీరానికి 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. నీటి నాణ్యత, పరిశుభ్రత, భద్రత, పర్యావరణ పరిరక్షణ వంటి ప్రమాణాలను పరిశీలించి ఇచ్చే గుర్తింపు ఇది. విశాఖపట్నంలోని రుషికొండ తీరానికి అంతకు ముందు సంవత్సరం, 2020లో, ఇదే గౌరవం దక్కింది. సెలవులకు అటు వెళ్లే తెలుగు కుటుంబాలు ఈ వ్యాసంలోని జాగ్రత్తలను అక్కడా పాటించవచ్చు.

మొదటి పాఠం నిలకడ నీటిలో

తొలి పాఠానికి సముద్రం తగిన చోటు కాదు. ముట్టుకాడు, కోవళం మధ్య సముద్రంలో కలిసే ఉప్పుటేరు వంటి నిలకడ నీరు అందుకు శ్రేష్ఠం. అయితే ఉప్పుటేరులోనూ ఒక హద్దు పాటించాలి. మన తీరాన ఆటుపోట్ల తేడా సుమారు ఒక మీటరే అయినా, పాటు సమయంలో ఏటి నీరంతా ఇరుకైన మొగ గుండా సముద్రంలోకి వేగంగా పారుతుంది. ఆ వేగానికి ఎదురుగా తెడ్డు వేయడం కొత్తవారి వల్ల కాదు. అందుచేత మొగ దరిదాపులకు పోరాదు.

కొత్తవారికి ఇచ్చే పలక సాధారణంగా పది, పదకొండు అడుగుల పొడవు, రెండున్నర అడుగులకు పైగా వెడల్పు కలిగి ఉంటుంది. వెడల్పు పెరిగిన కొద్దీ నిలకడ పెరుగుతుంది. మొదట పలక మధ్యన మోకాళ్లపై కూర్చుని తెడ్డు వేయాలి. శరీరం తూకానికి అలవాటు పడిన పిదప, ఒక్కొక్క పాదాన్నే మోపుతూ లేవాలి. పాదాలు భుజాల వెడల్పున ఉండాలి. మోకాళ్లు కొద్దిగా వంగి ఉండాలి. చూపు పాదాల మీద కాక దూరాన ఉన్న ఒడ్డు మీద నిలవాలి. కిందికి చూసినవారు త్వరగా పడిపోతారు. పడడం తప్పు కాదు, కాని పలకపై పడరాదు. దానికి దూరంగా, చేతులు చాచి, వెల్లకిలా నీటిపై పడాలి. లోతు తక్కువైన చోట తలకిందులుగా పడితే మెడకు ప్రమాదం.

చీలమండకూ పలకకూ నడుమ ఒక తాడు ఉంటుంది. దానిని అలంకారంగా భావించరాదు. పడినవారి నుండి పలకను గాలి క్షణాలలో దూరంగా నెట్టివేస్తుంది. ఈదుతూ దానిని అందుకోవడం గజ ఈతగాళ్లకూ కష్టమే. పలక తేలుతుంది, దానిని పట్టుకున్న మనిషీ తేలతాడు. కనుక ఎంత అలసినా, ఎంత భయపడినా, పలకను విడిచి ఒడ్డుకు ఈదబోరాదు. దానిపై బోర్లా పడుకొని చేతులతో తోసుకుంటూ రావడం మొదటి రోజే నేర్చుకోవలసిన విద్య.

గాలి, అల, నీటిపాయ

చెన్నపట్టణంలో ఉదయం వేళ సముద్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. ఎండ ఎక్కిన తరువాత, మధ్యాహ్నానికి అటూ ఇటూగా, సముద్రపు గాలి వీచి నీటిని కల్లోలపరుస్తుంది. అందుకే శిక్షణ తరగతులు సూర్యోదయానంతరమే మొదలవుతాయి. కాని ఉదయపు ప్రశాంతతలో ఒక మోసం ఉన్నది. జూన్ నుండి సెప్టెంబరు వరకు తెల్లవారుజామున గాలి తరచు పడమటి నుండి, అనగా భూమి మీది నుండి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలి ఒడ్డు దగ్గర నీటిని అద్దంలా ఉంచుతూనే, పలకపై నిలిచిన మనిషిని తెరచాప వలె లోపలికి తోస్తుంది. వెళ్లేటప్పుడు తెడ్డు తేలికగా సాగుతుంది. తిరిగి రావలసినప్పుడే దాని బరువు తెలుస్తుంది. ఇటువంటి ఉదయాన గైడు “వద్దు” అంటే, నీరు నిశ్చలంగా ఉన్నదిగదా అని వాదించడం తగదు.

రెండవ మోసం అలల మధ్య దాగి ఉంటుంది. ఒడ్డుకు చేరిన అలల నీరు తిరిగి వెళ్లడానికి ఇసుక తిన్నెల మధ్య దారి వెదుక్కుంటుంది. ఆ దారిలో ఏర్పడే ఇరుకైన ప్రవాహాన్ని రిప్ కరెంట్ అంటారు. దాని వేగం కొన్ని వేళల సెకనుకు రెండు మీటర్లకు చేరుతుంది. ఒలింపిక్ పోటీలలో నూరు మీటర్లు ఈదే విజేతల వేగం దాదాపు అంతే. ఈ పాయ ఉన్న చోట అలలు విరగవు. రెండు వైపులా తెల్లని నురుగు, మధ్యన ముదురు రంగులో నెమ్మదైన నీరు కనిపిస్తుంది. అల లేదు గనుక ఇదే సురక్షితమని భావించి కొత్తవారు సరిగ్గా అక్కడే దిగుతారు. మన తీరాలలో జరిగే అనేక విషాదాల వెనుక ఈ పొరపాటే ఉన్నది. మెరీనాలో సముద్ర స్నానం ప్రమాదకరమని హెచ్చరికలు నిలిపినది ఊరక కాదు.

మూడవది దూరం నుండి వచ్చే ఉప్పెన అల. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన పెద్ద అలలు కొన్ని రోజులు ప్రయాణించి, ఇక్కడ గాలివాన జాడ లేని వేళలోనే ఒడ్డును తాకగలవు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా గణపతిపురం సమీపంలోని లెమూర్ తీరాన ఐదుగురు వైద్య విద్యార్థులు ఇటువంటి అలలకు బలయ్యారు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, అప్పటికే హెచ్చరిక జారీ చేసి ఉన్నది. ఆ సంస్థ అలల ఎత్తు, ప్రవాహాల వివరాలను నిత్యం ప్రకటిస్తుంది. ఇంటి నుండి బయలుదేరే ముందు వాటిని చూసుకోవడం ప్రతి పౌరుని బాధ్యత.

కాలాన్ని బట్టి చూస్తే, జనవరి చివరి నుండి ఏప్రిల్ వరకు కొత్తవారికి కొంత అనుకూలం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానులు ఉంటాయి గనుక ఆ నెలలలో ఈ సరదాను మానుకోవడమే మేలు. భారీ వర్షాల తరువాత అడయారు, కూవం నదులు నగరపు మురుగును సముద్రంలోకి మోసుకుపోతాయి. ఆ మొగల సమీపాన నీటిని తాకకపోవడం మంచిది.

నీటి అడుగు చూపు

స్నార్కెలింగ్ విషయంలో ఒక నిజాన్ని ముందుగానే చెప్పాలి. చెన్నై ఒడ్డున అడుగంతా ఇసుక. అలలు దానిని రేపుతూ ఉంటాయి గనుక చూపు దూరం ఆనదు. ఇక్కడ, ఈత కొలనులో గాని నిలకడ నీటిలో గాని, మాస్కుతో శ్వాసించడం నేర్చుకోవచ్చు. రంగుల చేపలను, పగడపు దిబ్బలను చూడాలంటే దూరం పోవలసిందే. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవులతో కూడిన మన్నార్ సింధుశాఖ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అక్కడ అటవీ శాఖ నిబంధనలకు లోబడే సంచరించాలి. అండమాన్‌లో వండూరు వద్ద మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983 నుండి ఉన్నది. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన ఆ దీవులకు మన నగరం నుండి విమానాలూ నౌకలూ ఉన్నాయి.

మాస్కు సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులభం. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చేయి వదిలినా అది జారకపోతే సరిపోయినట్లే. మీసం దట్టంగా ఉన్నవారికి నీరు కొంత చొరబడవచ్చు. గొట్టంలోకి నీరు వస్తే బెదరక, బలంగా ఒక్క ఊపున ఊది వెళ్లగొట్టాలి. గొట్టం జానెడున్నర పొడవు మాత్రమే ఉండడం చూసి, ఇంకా పొడవైతే లోతుకు పోవచ్చుగదా అని పిల్లలు అడుగుతారు. లోతు పెరిగిన కొద్దీ నీటి ఒత్తిడి ఛాతీని నొక్కుతుంది. పైనున్న గాలిని లాగే శక్తి మన కండరాలకు ఉండదు. పైగా పొడవైన గొట్టంలో మనం విడిచిన గాలే నిలిచి, మళ్లీ దానినే పీల్చవలసి వస్తుంది. అందుకే గొట్టాన్ని సొంతంగా పొడిగించే ప్రయోగాలు ప్రాణాంతకాలు. అలాగే వేగంగా పలుమార్లు ఊపిరి పీల్చి లోపలికి మునగడం వల్ల, హెచ్చరిక లేకుండా నీటిలోనే స్పృహ తప్పవచ్చు.

పగడం రాయి కాదు, ప్రాణి. దానిపై నిలబడరాదు, విరిచి తెచ్చుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తాబేలు ఎదురైతే వెంబడించక, దాని దారిన దానిని పోనివ్వాలి. ఎండ నుండి రక్షణకు శరీరమంతా పులిమే క్రీముల కంటే పొడుగు చేతుల చొక్కా మేలు. నీటికీ హాని ఉండదు.

గైడును అడగవలసినవి

రుసుము చెల్లించే ముందు ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి.

1. ఒక్కొక్క గైడు వెంట ఎంతమంది? నలుగురైదుగురిని మించితే అతని చూపు అందరిపై నిలవదు.
2. ప్రాణరక్షణలో, ప్రథమ చికిత్సలో గైడు శిక్షణ పొందాడా?
3. లైఫ్ జాకెట్ మన కొలతకు ఉన్నదా? పిల్లలకు పెద్దల జాకెట్ తొడిగితే తల పైనుండి జారిపోతుంది.
4. వాతావరణం బాగాలేక ప్రయాణం రద్దయితే రుసుము తిరిగి ఇస్తారా, లేక మరొక రోజు కేటాయిస్తారా?

నాలుగవ ప్రశ్న డబ్బు గురించి అడిగినట్లు కనిపించినా, నిజానికి ప్రాణం గురించినది. రద్దు చేస్తే నష్టపోయే గైడుకు “వద్దు” అనడం కష్టం. అలాగే గుండెజబ్బు, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి దాచక గైడుకు చెప్పి, వైద్యుని సలహా పొందిన తరువాతనే దిగాలి. మద్యం సేవించినవారు నీటిని తాకనే రాదు.

ఆపద వస్తే

నీటిపాయ లాగితే దానికి ఎదురీదకండి. తేలుతూ, ఒక చేయి ఎత్తి సహాయం కోరండి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ నుండి బయటపడి, ఆపైన అలలతో పాటు ఒడ్డుకు రండి. జెల్లీ చేప కుడితే ఆ చోటును రుద్దక, సముద్రపు నీటితోనే కడిగి వైద్యుని చూడండి.

వేరొకరు మునుగుతుంటే వెంటనే దూకకండి. తాడు, పలక, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి; సమీపంలోని మత్స్యకారులను కేకవేయండి. 112కు గాని, అంబులెన్సు కోసం 108కి గాని, సముద్రంలో చిక్కుకున్నవారి కోసం తీరరక్షక దళపు 1554కు గాని ఫోన్ చేయండి.

ఎలియట్స్ తీరాన ఉన్న స్మారకం త్యాగాన్ని గౌరవిస్తూనే మనల్ని హెచ్చరిస్తున్నది: కాపాడబోయినవాడు కూడా మునగవచ్చు. గైడు “ఈ రోజు వద్దు” అన్న నాడు ఒడ్డున కూర్చుని ఆ సముద్రాన్ని చూడండి. అలలు ఎక్కడ విరుగుతున్నవి, ఎక్కడ విరగడం లేదు, గాలి ఎటు నుండి వీస్తున్నది అని గమనించండి. అదీ ఒక పాఠమే. తెడ్డు వేయడానికి మరొక ఉదయం ఉంటుంది.