తెల్లగోడ, నల్లబండ

ఇల్లు కట్టడమంతా అయ్యాక చాలామంది ఆగిపోయేది హాలు రంగు దగ్గర. బద్వేలులో పెయింటు కొట్టుకు పోయి అడిగితే ఇప్పుడు ఐవరీ, క్రీమ్, బీజ్, గ్రే అని లేతరంగుల కార్డులే ముందర పరుస్తున్నారు. వీటిని న్యూట్రల్ రంగులంటున్నారు. మంచి రంగులే. అయితే నాయనా, మన సీమకు ఇవి ఆ కార్డులతో వచ్చినవి కావు. పడమట లంకమల, తూర్పున వెలికొండ, నడుమ సగిలేరు పారే ఈ నేల మీద గోడకు సున్నం, కాళ్లకింద కడప బండ ఉన్న ఇళ్లు ఎన్నో తరాలుగా ఉన్నాయి. ఆ రెండింటి సంగతి తెలిస్తే హాలు రంగు ఎంచుకోవడం సులువవుతుంది.

ముందు రంగు సంగతి చూద్దాం. ఎండలో అన్ని రంగుల వెలుగూ ఉంటుంది. ఎర్రగోడ ఎరుపును వెనక్కి పంపి తక్కినవాటిని చాలామటుకు మింగేస్తుంది. తెలుపు, బూడిద, నలుపు అలా కాదు, అన్నింటినీ సమానంగా చూస్తాయి. తెలుపు దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది, బూడిదరంగు కొంత ఉంచుకుంటుంది, నలుపు దాదాపు అంతా మింగుతుంది. మూడింటికీ తేడా ఎంత ఇస్తాయన్న దాంట్లోనే. క్రీమ్ రంగు నీలివెలుగును మాత్రం కాస్త ఎక్కువ మింగుతుంది, అందుకే వెచ్చగా కనిపిస్తుంది. వెల్లలో చిటికెడు నీలిమందు కలపడం కూడా ఈ లెక్కే. సున్నంలో మిగిలే పసుపు ఛాయను నీలం అణిచేస్తుంది. గోడ నుంచి వచ్చే వెలుగు రవంత తగ్గినా, రంగులన్నీ సమానం కావడంతో కంటికి ఇంకా తెల్లగా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విశేషం. ఆ తెల్లగోడా, ఈ నల్లబండా ఒకే పదార్థం. రెండూ కాల్షియం కార్బొనేటే.

సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయిలో 44 కిలోలు అలా గాలిలో కలిసి, 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి మెత్తగా విరుగుతుంది. దాన్ని పలచగా కలిపి గోడకు పూస్తే నీరు ఆరిపోతుంది, సున్నం మాత్రం గాల్లోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుంటూ ఉంటుంది. బట్టీలో పోయింది గోడ మీద తిరిగి చేరి, సున్నం మళ్లీ సున్నపురాయి అవుతుంది. అంటే వెల్ల వేసిన గోడకు పలచని రాతిపొర తొడిగినట్టే. కొత్త సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి బూజు కూడా త్వరగా పట్టదు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లో తీసే కడప బండ కూడా సున్నపురాయే. నేలమీద ఒక్క చెట్టూ మొలవని కాలంలో సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. అందుకే సుత్తి, ఉలి దెబ్బలకే పలకలుగా విడివడుతుంది. అందులో చిక్కుకున్న కాస్త కార్బన్ చాలు, రాయంతా నల్లబడడానికి. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. అప్పటినుంచి కడప పేరు ప్రపంచమంతటా రాతిశాస్త్రం పుస్తకాల్లో ఉంది.

వెల్ల వేసేటప్పుడు గమనించారా? తడిగా ఉన్నంతసేపూ గోడ వెలవెలబోతుంది, పాత మరకలు కూడా కనిపిస్తాయి. ఆరాక ధగధగలాడుతుంది. వెలుగు ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి పోయేటప్పుడు వంగుతుంది, కొంత వెనక్కి చెదురుతుంది. ఏ వస్తువు వెలుగును ఎంత వంచుతుందో చెప్పేది దాని వక్రీభవన గుణకం. రెండు వస్తువుల గుణకాల మధ్య తేడా ఎంత ఉంటే అంత ఎక్కువ చెదురుతుంది. సున్నపు రేణువుకు ఆ గుణకం సుమారు 1.6, నీటికి 1.33, గాలికి 1. రేణువుల నడుమ నీళ్లుంటే తేడా తక్కువ, వెలుగు లోపలికి పోతుంది. తడిసిన పంచెలోంచి ఒంటిరంగు కనబడ్డట్టే. నీరు పోయి గాలి చేరితే తేడా పెరిగి, గోడ తెల్లబడుతుంది. బండ దగ్గర కూడా ఇదే సూత్రం. గరుకు బండ ఎండినప్పుడు బూడిదరంగుగా ఉంటుంది, తడిగుడ్డ పెడితే కారునలుపు తేలుతుంది. కొంచెం నూనె రాస్తే ఆ నలుపు చాలాకాలం నిలుస్తుంది.

డబ్బాల్లో వచ్చే పెయింట్లలో తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడు. దాని గుణకం 2.7 దాకా ఉంటుంది కాబట్టి జిగురులో మునిగి ఉన్నా వెలుగును గట్టిగా చెదరగొడుతుంది. పెయింట్లలో దానికి తోడుగా బరువుకోసం, మందంకోసం కలిపే పొడుల్లో ముగ్గురాయి ఒకటి. ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతిపెద్దవాటిలో ఒకటి.

ఇక హాలుకు వద్దాం. మన ఎండలకు కిటికీలు చిన్నవిగా పెడతాం, అదే మంచిది కూడా. లోపలికొచ్చిన ఆ కాస్త వెలుగును గోడలే ఒకదానికొకటి అందించుకోవాలి. నూటికి 80 పాళ్లు తిప్పికొట్టే గోడ మీద 100 పాళ్ల వెలుగు పడితే, మొదటి తాకిడికి 80, రెండోదానికి 64, మూడోదానికి 51 పాళ్లు మిగులుతాయి. 40 పాళ్లే ఇచ్చే ముదురు గ్రే గోడలైతే 40, 16, చివరికి 6. కింద నల్లబండ ఉన్న హాల్లో ముదురు గ్రే వేస్తే పట్టపగలే లైటు వేసుకోవాలి. కాబట్టి బండ ఉన్న ఇంటికి సున్నపు తెలుపో, లేత క్రీమో సరైనది. ఎర్రమన్ను దుమ్ము ఎక్కువ పడే వీధిలో ఇల్లుంటే క్రీమే మేలు, మురికి అంతగా కనబడదు.

రంగు పక్కనున్నదాన్ని బట్టి కూడా మారుతుంది. పారిస్‌లో గోబెలిన్ నేతశాలలో రంగుల అద్దకానికి పెద్దగా ఉన్న షెవ్రోల్ దగ్గరికి నల్లరంగు బాగాలేదని ఫిర్యాదు వచ్చింది. ఆయన చూస్తే రంగు బాగానే ఉంది, పక్కన నేసిన రంగులే దాన్ని చెడగొట్టి చూపిస్తున్నాయి. దానిమీద 1839లో పుస్తకం వేశాడు. 102 ఏళ్లు బతికిన మహానుభావుడు. మన హాల్లో కూడా అంతే. ఆకుపచ్చ సోఫా పక్కన బూడిదరంగు గోడ కాస్త ఎర్రబారి కనిపిస్తుంది. 3000 కెల్విన్ల పసుపు బల్బు కింద క్రీమ్ రంగు ఒకలా, 6500 కెల్విన్ల తెల్ల ట్యూబులైటు కింద ఇంకోలా ఉంటుంది. కొట్లో కార్డు చూసి తేల్చుకోకండి. రెండడుగుల అట్టకు ఆ రంగు పూసి హాల్లో బండకు ఆనించి పెట్టి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి మీ బల్బు కిందే చూడండి.

బండ సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. మరకలు పోవాలని యాసిడ్ పోయకండి. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా సున్నపురాయిని తింటాయి. నిగనిగలాడే నలుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, అది కడిగితే పోదు. మామూలు సబ్బునీళ్లు చాలు. మీ పెద్దలు వేయించిన కడప బండ బాగానే ఉంటే దానిమీద టైల్స్ పరిచి కప్పేయకండి నాయనా. అరిగిన చోట పాలిష్ పట్టించి, గోడకు తెలుపు వేయించండి.