యజమాని పోయిన ఇంట కాగితముల సంగతి

అమెరికా దేశమున పెక్కు రాష్ట్రములందు, మన జిల్లాను బోలిన ‘కౌంటీ’ యను విభాగమునకు, మృతుల ఆస్తి సంగతులను విచారించుటకై ప్రత్యేక న్యాయస్థానము కలదు. దానిని ప్రోబేటు కోర్టందురు. మృతుని వీలునామాను అచ్చటి గుమాస్తాకు దాఖలు చేయుదురు. ఆస్తిపట్టిక, అప్పులవారి కోరికలు, వారసుల వాటాలు అన్నియు ఒకే దస్త్రమున చేరును. మన చెల్పూరు రైతునకు అట్టి ఒకే వాకిలి లేదు. ఇంటి యజమాని కన్నుమూసినచో భూమికొక కచేరి, బ్యాంకు సొమ్మునకు మఱియొకటి, సంఘపు వాటాధనమునకు వేఱొక బల్ల. ఏ పని యెచ్చట జరుగునో తెలియక తిరుగు కుటుంబములను మేము తఱచు చూచుచున్నాము.

మొట్టమొదట ఒక పొరపాటును తొలగింపవలెను. ‘కోర్టునుండి సక్సెషన్ సర్టిఫికెట్టు తెచ్చినచో పట్టా మారును’ అని పలువురు తలంతురు. అది సరికాదు. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము క్రింద నిచ్చు ఆ పత్రము మృతునకు రావలసిన బాకీలకును, బ్యాంకు నిల్వలు, బాండ్లు మొదలగు వానికిని మాత్రమే చెల్లును. భూమికి పనికిరాదు. పట్టా మార్పును, అనగా మనవారు నేటికిని విరాసతు అనుదానిని, తహశీల్దారు చేయును. 2020 నాటి చట్టము క్రింద, ధరణి కాలమున, వారసులు ఒప్పందముతో వచ్చిన చాలును. రాని కుమార్తెను గూర్చి విచారించువారు లేకుండిరి. 2025లో వచ్చిన భూభారతి చట్టము వారసులకు నోటీసులిచ్చి విచారింపవలెనని విధించినది. ఈ మార్పు మేలైనదని మా తలంపు. అయినను పట్టాలో పేరెక్కుట లెక్కకు సంబంధించినదే. హక్కును గూర్చి తగవున్నచో తేల్చవలసినది సివిలు కోర్టు.

ఇక కోర్టు సంగతి. భూపాలపల్లికి ప్రత్యేక జిల్లా కోర్టు 2022 జూన్ 2న ఏర్పడినది. అంతకు మున్ను జిల్లా న్యాయమూర్తి యెదుట పనియున్నచో వరంగల్లు పోవలసి యుండెను. సక్సెషన్ సర్టిఫికెట్టు కోరు అర్జీలో మృతుడు మరణించిన దినము, నివసించిన చోటు, దగ్గఱి బంధువులందఱి పేర్లు, రాబట్టవలసిన సొమ్ము వివరముగా వ్రాయవలెను. ఆ సొమ్మును బట్టి కోర్టు రుసుమును అర్జీతోడనే కట్టవలెను. కోర్టు గుమాస్తాలు అర్జీని పరిశీలించి, లోపమున్నచో త్రిప్పి పంపుదురు. దీనిని వేధింపుగా భావించి కోపించువారు కలరు. కాని ఒక బంధువు పేరు విడిచినచో తరువాత పత్రమే రద్దు కావచ్చును. గుమాస్తా ఆక్షేపణ ఆ ప్రమాదమును ముందే తప్పించును. వాయిదా యెప్పుడు, నకలుకు దరఖాస్తు ఎట్లు అని వారిని నిస్సంకోచముగా నడుగవచ్చును. ‘నా వాటా యెంత’ అని మాత్రము అడుగరాదు; అది వకీలు పని. స్త్రీలకును, షెడ్యూలు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు నిచ్చుటకు 1987 నాటి చట్టము ప్రకారము జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు.

నోటీసు పట్టుకొని కోర్టు బంట్రోతు ఊరికి వచ్చినపుడు తలుపు మూయుట మన గ్రామములలో పాత అలవాటు. నోటీసు తీసికొని చేవ్రాలు చేయుట అర్జీకి ఒప్పుకొనుట కాదు. తీసికొననివారు తమ మాట చెప్పు అవకాశమునే పోగొట్టుకొందురు.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రమునకు పేర్లు చెప్పునపుడే అసలు చిక్కు పుట్టుచున్నది. ‘కట్నమిచ్చి పంపితిమి గదా’ అని పెండ్లియైన ఆడపిల్లను విడుతురు. మృతుని ముసలితల్లిని మఱతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేక పోయిన పురుషుని స్వార్జితమున భార్య, కొడుకు, కూతురు, తల్లి సమాన వారసులు. 2005 సవరణతో ఉమ్మడి కుటుంబపు ఆస్తిలోను కుమార్తెకు కుమారునితో సమాన హక్కు కలిగినది. షెడ్యూలు తెగలకు ఈ చట్టము తనంతట వర్తింపదు; ముసల్మానులకు వారి ధర్మము వేఱు.

నామినీని గూర్చియు భ్రమ యున్నది. నామినీ సొమ్మును పుచ్చుకొనువాడే గాని సొంతదారు కాడని జీవితబీమా విషయమున సుప్రీంకోర్టు 1983లోనే తేల్చినది. అయినను చేతికి సొమ్ము ముందు వచ్చునది వానికే. 2018లో మొదలైన రైతుబీమాలో అయిదు లక్షల రూపాయలు నామినీకే చేరును. పెండ్లికి మునుపు తల్లి పేరు వ్రాయించి, ఆమె పోయిన పిదపను మార్చనివాని భార్య ఎన్ని కచేరీలు తిరుగవలెనో ఊహింపుడు.

వీలునామా వ్రాయదలచినవారికి స్టాంపు కాగితము అక్కఱలేదు, రిజిస్టరు చేయుట నిర్బంధము కాదు. వీలునామా వ్రాసినవారును, ఇద్దఱు సాక్షులును సంతకములు చేసిన చాలును. సంఘపు రిజిస్టరులో తమ నామినీ గడి ఖాళీగా నున్నదో, పాతపేరే నిలిచియున్నదో సభ్యులు పాసుపుస్తకముతో వచ్చి మన గుమాస్తా యొద్ద చూచుకొనవచ్చును.