మూల సరిగ్గా ఉందా? చూసుకున్నాకే చెక్క కోయించండి

వంటగట్టు అనగానే మనకి కడప బండో గ్రానైటో గుర్తొస్తాయి. పొయ్యి కింద, సింకు దగ్గర రాయే మంచిది. కానీ కూరలు తరుక్కునే మూలలో చెక్క ఉంటే చేతికి ఎంతో హాయి. అందుకే పాలకొల్లు దగ్గర మా అత్తగారి పాత ఇల్లు విప్పినప్పుడు అటక మీది టేకు చెక్కలు దాచుకున్నాను. వడ్రంగి చేత వాటిని అతికించి, రెండడుగుల వెడల్పున రెండు బల్లలు చేయించాను.

మొదటి బల్ల దగ్గరే పొరపాటు జరిగింది. వడ్రంగి మూలమట్టం పెట్టి నిక్కచ్చిగా కోశాడు. తీరా మూలకి చేరిస్తే లోపలి కొస గోడకి తగిలింది గానీ, ముందు అంచు దగ్గర వేలు దూరేంత సందు! తప్పు అతనిది కాదు, మా గోడలది. "మీ మామగారు ముచ్చటపడి తెచ్చిన టేకమ్మా అది" అని మాత్రం అన్నారు అత్తగారు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. మీకా తిప్పలు రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా మూలని పరీక్షించండి. గట్టు వచ్చే ఎత్తులోనే, మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి చూస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. ఎక్కువొస్తే మూల విచ్చుకున్నట్టు, తక్కువొస్తే ముడుచుకున్నట్టు. మా ఇంట్లో ఒక్క అంగుళం ఎక్కువొచ్చింది. ఆ ఒక్క అంగుళమే బల్ల చివర ముప్పావు అంగుళం పైగా సందు తెచ్చింది!

తేడా ఉంటే ఏం చెయ్యాలి? ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఉంటే చాలు. తిన్నటి అంచున్న అట్టముక్కలు రెండు తీసుకుని, చెరో గోడకీ ఆనించి, ఒకదానిమీదొకటి వచ్చేచోట టేపుతో గట్టిగా అతికించండి. మీ మూల అచ్చు దొరికినట్టే. దానిమీద "పై వైపు" అని రాయడం మరవద్దు. తిరగేసి పెట్టారో, చెక్క దండగ. ప్లాస్టరింగు, టైల్సు పూర్తయ్యాకే ఈ పని చెయ్యండి.

రెండు బల్లలు కలిసేచోట ఫొటో ఫ్రేములా ఏటవాలుగా కోయించకండి. చెక్క ఎండాకాలం కుంచించుకుంటే ఆ అతుకు విచ్చుకుంటుంది. ఒక బల్ల గోడ దాకా వెళ్లాలి, రెండోది దాని పక్కకి వచ్చి ఆనాలి. రెండింటి చివరలూ అట్ట ప్రకారమే కోయించాలి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది కనుక గోడ దగ్గర నూలుపోగంత కాదు, రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి, పైన సన్నటి బీడింగు వేయించండి.

చివరగా అవిసె నూనె పల్చగా రాసి, ఆరాక మళ్లీ రాయండి. ఒక్క జాగ్రత్త! నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

మా రెండో బల్ల అట్ట ప్రకారం కోస్తే కాగితం దూరనంతగా కుదిరింది. మొదటిదాని సందులో మిగిలిన టేకుముక్కని చీలికలా చెక్కించి అతికించాం. అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. అత్తగారు మాత్రం ఆ మూలకే పీట వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తుంటారు!