రౌటరు తాళపుచెవులు

నేడు మన యిండ్లలో రౌటరును సాధారణముగా కంపెనీ మనిషియే అమర్చి పోవును. ఇల్లాలికి తెలిసినది వైఫై పాస్‌వర్డు ఒక్కటే. తాళపుచెవుల గుత్తి పరులచేత నుంచి, వీధి తలుపు గడియ మాత్రము తనదనుకొనుట వంటిది యిది.

నిజమునకు పాస్‌వర్డులు మూడు. మొదటిది, ఫోనులు రౌటరుతో కలియుటకు. రెండవది, రౌటరు లోపలి అమరికను మార్చుటకు. బ్రౌజరులో 192.168.1.1 అనియో 192.168.0.1 అనియో వ్రాసినచో, పెక్కు రౌటరులయందు ఒక పుట తెరచుకొని దీనిని అడుగును. మూడవది, రౌటరు తానే కంపెనీకి చూపవలసిన గుర్తు. పీపీపీఓఈ అను పద్ధతి గల యిండ్లకే యిది యుండును. ఆ పుటలో 'వాన్' అను శీర్షిక క్రింద, యూజరు పేరుతో కూడ వ్రాయవలెను. అచ్చట డీహెచ్‌సీపీ అని యున్నచో సాధారణముగా దీని పనియే లేదు.

మనము మరచునది యీ మూడవదానినే. రౌటరు వెనుకనున్న చిన్న బెజ్జములో పుల్ల గ్రుచ్చి రీసెట్టు చేసినచో, అమరికలతో పాటు ఇదియు చెరిగిపోవును. దీపములు వెలుగును, వైఫై కనబడును, ఇంటర్నెట్టు మాత్రము రాదు! కావున దానిని ముందే అడిగి, పాలపద్దు పుస్తకములోనైనను వ్రాసికొనుడు.

రెండవదానిని 'అడ్మిన్' అనియే విడువరాదు. దానిని ఊహించిన దుష్టుడు డీఎన్ఎస్ అమరికను మార్చి, బ్యాంకు పేరు వ్రాసినవారిని దొంగ పుటకు పంపజూచును. ఆ చేతితోనే భద్రతా విధానము డబ్ల్యూపీఏ2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గాని యగునట్లు చూడుడు.

మూడవదానిని ఈయ నిరాకరించు కంపెనీలును కలవు. నెలనెల సొమ్ము చెల్లించువారికి దానిని దాచుట నాకు న్యాయముగా తోచదు. అట్టి యిండ్లలో పిల్లలను ఆ బెజ్జము జోలికి పోనీయకుడు.