వార్తల్లో పదం: భాగస్వామ్య ఎర్గోనామిక్స్

పనిని మనిషికి అనువుగా మలచే శాస్త్రం ఎర్గోనామిక్స్. ఆ మార్పుల రూపకల్పనలో కార్మికులకే చోటు కల్పించడాన్ని భాగస్వామ్య ఎర్గోనామిక్స్ అంటారు. 1980వ దశకంలో ఈ భావన రూపుదిద్దుకుంది. కగేయు నోరో, ఆండ్రూ ఇమాడా సంపాదకత్వంలో 1991లో ఇదే పేరుతో పుస్తకం వెలువడింది.

కార్మికులు, సూపర్‌వైజర్లు, మెయింటెనెన్స్ సిబ్బంది, భద్రతాధికారి చిన్న బృందంగా ఏర్పడతారు. పని జరిగే చోటే నిలబడి పరిశీలిస్తారు. ఏ పనికి ఒంట్లో ఎక్కడ నొప్పి పుడుతోందో కార్మికులు మనిషి బొమ్మపై గుర్తిస్తారు. ఆపై ఒక మార్పు చేసి చూసి, అవసరాన్ని బట్టి సరిదిద్దుతారు.

ఉదాహరణకు, కుట్టుమిషన్ ముందు కూర్చున్న మహిళ నేల మీది బట్టల కట్ట కోసం పదేపదే నడుం వంచి పక్కకు తిరగాల్సి వస్తుంది. కట్టను మోచేతి ఎత్తున్న బల్లపై, చేతికందే దూరంలో పెడితే ఆ శ్రమ తప్పుతుంది. ఇలాంటి లోపం రోజంతా నొప్పి భరించే మనిషికే ముందు తెలుస్తుంది.

చిన్న పరిశ్రమల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన 'వైజ్' కార్యక్రమం ఈ కోవలోదే. మన దేశంలో ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీలను నిర్దేశించింది. యాజమాన్యం సమయం, డబ్బు కేటాయించి, కార్మికుల సూచనలను అమలు చేసినప్పుడే ఈ విధానం నిలుస్తుంది.